సైనికుడి వెంట వెళ్లినవారికి సొంత ఉనికి ఎక్కడ?

జర్మనీలోని రామ్‌స్టైన్, జపాన్‌లోని యోకోసుకా వంటి అమెరికా సైనిక స్థావరాలకు భర్త వెంట వెళ్లిన మహిళ ఆస్పత్రి కౌంటర్ ముందు నిలబడితే తరచూ అడిగేది ఆమె గుర్తింపు నంబరు కాదు, భర్త నంబరు. జ్వరం ఆమెదే అయినా ఫైలు 'స్పాన్సర్' వివరాలతోనే, అంటే సైన్యంలో ఉన్న భాగస్వామి వివరాలతోనే తెరుచుకుంటుంది. భార్య సైన్యంలో ఉంటే ఆమె వెంట వెళ్లిన భర్తకూ ఇదే అనుభవం.

ఈ జీవిత భాగస్వాముల క్షేమం గురించి మాట్లాడేటప్పుడు చర్చ ఎక్కువగా ఒంటరితనం చుట్టూ తిరుగుతుంది. ఒంటరితనం నిజమే. జపాన్‌లోని ఒకినావా స్థావరంలో మధ్యాహ్నం రెండింటికి దుఃఖం పొంగుకొస్తే, శీతాకాలంలో న్యూయార్క్‌లో ఉన్న తల్లికి అది అర్ధరాత్రి. అయితే అంతకంటే లోతైన కారణం వారి చట్టపరమైన హోదాలో ఉందని నా అభిప్రాయం. నాటో సైనిక కూటమి దేశాల మధ్య, ఒకరి గడ్డపై ఉండే మరొకరి బలగాల హోదాను తేల్చే 1951 నాటి ఒప్పందం సైనికుడి జీవిత భాగస్వామిని, సొంత సంపాదన ఉన్నా లేకున్నా, 'ఆశ్రితులు'గానే నిర్వచించింది. పదేళ్లు నర్సుగా పనిచేసిన మనిషి కూడా ఆ దేశంలో అడుగుపెట్టగానే ఆ ఒక్క మాటలో ఒదిగిపోవాలి. బదిలీపై వెళ్లే కుటుంబాలకు వృత్తి లైసెన్సులు ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లేలా అమెరికా 2023 జనవరిలో చట్టం తెచ్చినా, అది పరాయి దేశపు ఆస్పత్రిలో పనికిరాదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వైద్య పరిశీలన. విదేశీ పోస్టింగ్‌కు ముందు కుటుంబ సభ్యుల ఆరోగ్య చరిత్రను చూస్తారు. కావలసిన చికిత్స అక్కడ దొరకదని తేలితే కుటుంబ ప్రయాణానికి అనుమతి రాకపోవచ్చు. ఉద్దేశంలో తప్పు లేదు, ఎందుకంటే మానసిక వైద్యుడు అందుబాటులో లేని చోటికి కుంగుబాటుతో ఉన్న మనిషిని పంపడం ఎవరికీ మేలు చేయదు. కానీ చికిత్స రికార్డులోకెక్కితే భర్త ఒంటరిగా వెళ్లాల్సి వస్తుందని, పిల్లలు తండ్రికి దూరమవుతారని భయపడిన తల్లి, నిద్రలేని రాత్రుల సంగతి డాక్టరుకు చెప్పకుండా లోలోపలే దాచుకుంటుంది. దాచుకున్న బాధ ఆమెతోపాటే విమానం ఎక్కుతుంది. కుటుంబాన్ని కాపాడడానికి పెట్టిన నిబంధనే ఆమె నోరు నొక్కేస్తోంది.

స్థావరాల్లో వైద్య రికార్డు రాయకుండా ఉచితంగా మాట్లాడే కుటుంబ కౌన్సెలర్లు ఉన్నారు. అది విలువైన సేవ. అయితే వారు రోగ నిర్ధారణ చేయరు, మందులు రాయరు. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారు చివరికి ఆ భయపెట్టే రికార్డు దగ్గరికే వెళ్లాలి. ఇంట్లో హింస ఉంటే పరిస్థితి మరీ కఠినం. పై అధికారులకు తెలియకుండా సాయం కోరే వెసులుబాటు ఉన్నా, ఇల్లూ, ఆ దేశంలో ఉండే హక్కూ హింసించేవాడి ఉద్యోగంతోనే ముడిపడి ఉన్నప్పుడు, ఫిర్యాదుకు ముందు ఆమె ఎన్ని లెక్కలు వేసుకోవాలో ఊహించుకోవచ్చు.

సైనికుల జీవిత భాగస్వాములైన ప్రభుత్వోద్యోగులు విదేశం నుంచే తమ ఉద్యోగం కొనసాగించే వీలును పెంచాలని 2023 జూన్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఉత్తర్వు ఇచ్చారు. సరైన దిశలో వేసిన అడుగు అది. కానీ ప్రైవేటు ఆస్పత్రి నర్సుకూ, చిన్న సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగికీ ఆ ఉత్తర్వుతో దారి తెరుచుకోదు. స్థావరాల కోసం ఆతిథ్య దేశాలతో మాట్లాడే అధికారులు రన్‌వేలతో పాటు వీరి పని హక్కునూ, అర్హతల గుర్తింపునూ చర్చల్లో పెట్టాలి. మానసిక చికిత్స తీసుకున్నంత మాత్రాన కుటుంబ ప్రయాణం ఆగిపోదని, ఏ స్థితిలో ఆగుతుందో ముందే స్పష్టంగా చెప్పాలి. ఆ మాట పోస్టింగ్ కాగితాలతో పాటే, సైనికుడి ద్వారా కాకుండా నేరుగా జీవిత భాగస్వామి చేతికే అందాలి.