శౌరి అని పిలిస్తే తప్పేంటి?

మొన్న న్యూజెర్సీలో ఒక జ్ఞానస్నానానికి వెళ్లాం. బాబుకి తాతగారి పేరే పెట్టామంటూ "జేవియర్" అన్నారు. గుంటూరు జిల్లాలో ఆ తాతగారిని ఆ పేరుతో పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన శౌరయ్య. జేవియర్‌నే మన తెలుగు కతోలికులు శౌరి అంటారు. "శౌరి అని పెడితే స్కూల్లో సారీ, సారీ అని ఏడిపిస్తారు అంకుల్" అంది పిల్లాడి తల్లి. ఆమె టెన్షన్ నాకు అర్థమైంది. ఒప్పుకోవడానికే మనసు రాలేదు. జేవియర్‌ని ఎక్సేవియర్ అని విరిచేవాళ్లు ఇక్కడ బోలెడుమంది ఉన్నారు కదా!

మా వైపు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్ మిషన్) పల్లెల్లో పెరిగినవాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు. శౌరి, బాలశౌరి, శౌరమ్మ. ఇగ్నేషియస్ అయితే ఇన్నాసి, ఇన్నయ్య. జోసెఫ్ జోజయ్య. లూర్దు మాత పేరు పెట్టుకున్న లూర్దమ్మలు వీధికొకరు. నాకు మరీ ముచ్చటేసేవి పేతురుకి రాయప్ప, పౌలుకి చిన్నప్ప. పేతురంటే గ్రీకులో రాయి, పౌలంటే లాటిన్‌లో చిన్నవాడు. అర్థం చెప్పకుండానే మన చెవికి అందేస్తాయి.

శౌరి సంగతి ఇంకా తమాషా. పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ శౌరి 1506లో, ఇప్పటి స్పెయిన్ ఉత్తరాన నవార్‌లో, హావియెర్ కోటలో పుట్టాడు. ఆ కోట పేరే ఆయనకి ఇంటిపేరైంది. అది బాస్క్ భాషలో 'కొత్త ఇల్లు' అనే మాట నుంచి వచ్చింది. అంటే మన కొత్తపల్లివారి లాంటిదన్నమాట. 1542లో గోవాలో దిగి, తమిళ తీరంలో ముత్యాల కోసం మునిగే జాలర్ల మధ్య తిరిగి, 1552లో చైనా గుమ్మం ముందు ఒక దీవిలో కన్నుమూశాడు. దేహం పాత గోవాలో బోం జీసస్ గుడిలో ఉంది. అలాంటి మనిషి తెలుగు నోట్లో పడి శౌరి అయ్యాడు. సంస్కృతంలో శౌరి అంటే కృష్ణుడు! ఈ మాట అంటే మా పెద్దల్లో కొందరు మొహం ముడుచుకుంటారు. నాకైతే భలే సరదా.

మనకంటూ ఒక తెలుగు గుడి కట్టుకుందామని ఇక్కడి మన కతోలికుల్లో అప్పుడప్పుడూ మాట వస్తుంది. ఈ దేశంలో గుడి పేరు చూస్తే ఆ పేటకి ముందు ఎవరొచ్చారో చాలాసార్లు తెలిసిపోతుంది. ప్యాట్రిక్ అయితే ఐరిష్ వాళ్లు, స్టానిస్లాస్ అయితే పోలండ్ వాళ్లు. మన పేరు కూడా ఒక గోడ మీద ఉండాలనుకోవడం తప్పు కాదు. కానీ నాకు అంత తొందర కనబడదు, ఎందుకంటే శౌరి ఎప్పుడో ఇక్కడికి వచ్చేశాడు.

మన్‌హట్టన్ ఉత్తరాన, ఫోర్ట్ వాషింగ్టన్ అవెన్యూలో మదర్ కాబ్రినీ గుడి ఉంది. ఇటలీలో పుట్టిన ఆమెకి శౌరిలాగే చైనా వెళ్లాలని ఆశ. ఆయన పేరునే తన పేరులో కలుపుకుని ఫ్రాన్సెస్ జేవియర్ కాబ్రినీ అయింది. తూర్పుకి కాదు, పడమటికి వెళ్లమన్నారు పోప్ 13వ లియో. 1889లో న్యూయార్క్‌లో దిగింది. ఇటలీ నుంచి వలసొచ్చిన పేదల కోసం అనాథాశ్రమాలు, బడులు, ఆస్పత్రులు పెట్టింది. 1909లో సిటిజన్‌షిప్ తీసుకుంది, 1946లో పునీత అయింది. అమెరికా పౌరుల్లో మొదటి పునీత ఆవిడే. వలస వచ్చినవాళ్లకి పాలక పునీత, అంటే వాళ్లని కాచే పునీత కూడా ఆవిడే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే మనకి మొక్కుకోవడానికి ఇంతకన్నా తగినవాళ్లు ఎవరున్నారు?

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ గుడికి తీసుకెళ్లాను. ఇంగ్లిష్‌లో ఉన్న పేరు చదివి, విడమరిచి చెప్పాను. పీఠం కేసి కాసేపు చూసి, "ఇంతకీ శౌరమ్మే కదరా!" అంది.

ఆ బాబుకి ఇంట్లో పిలుచుకునే పేరు ఇంకా కుదరలేదట. డిసెంబరు 3 శౌరి పండగ. ఆలోగా ఒకసారి వాళ్లింటికి వెళ్లి, తల్లితో ఈ కాబ్రినీ కబురు చెప్పొస్తాను.