నెత్తళ్ళు: ఇసుక మీదా, పందిరి మీదా?

(ఉప్పాడ తీరం. నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టి అమ్మే మేనత్త, పందిరి కట్టమంటున్న మేనల్లుడు.)

అల్లుడు: ఇంకా ఇసుక మీదే పోస్తావేంటత్తా? సరుగుడు గుంజలు పాతి, నడుమెత్తున పాత వల బిగించి కట్టు. గాలి పైనా కిందా ఆడుద్ది. వానొస్తే వలతో సహా చుట్టి లోపలేసుకోవచ్చు.

అత్త: కడితే షావుకారు కిలోకి ఎంతెక్కువిస్తాడు?

అల్లుడు: సరుకు బాగుంటే ఇవ్వడా మరి?

అత్త: లెక్క విను. 100 కిలోల పచ్చి నెత్తళ్ళలో 76 కిలోలు నీళ్ళే అనుకో. నీ పందిరి మీద ఐదో వంతు తడి మిగిలేదాకా ఎండబెడితే చేతికొచ్చేది 30 కిలోలు. మూడో వంతు తడుండగానే తూకానికి పెడితే 36. కిలో 150 అనుకుంటే నీకు 4,500, నాకు 5,400. నీ సరుక్కి 180 ఇస్తేగానీ నాతో సమానం కావు. గుంజల ఖర్చు వేరే. అంటిన ఇసుకా తూకంలోకే వస్తది.

అల్లుడు: ఆ ఇసుక పేరు చెప్పేగా గంప గంపకీ తరుగు కోస్తున్నాడు! తడి సరుక్కి ఈగ వాలుద్ది, గోనెలో నాలుగు రోజులుంటే బూజు పడుద్ది. అప్పుడు కోళ్ళ మేత రేటుకి తోలెయ్యడమే. అది కలిపావా లెక్కలో?

అత్త: ముసురు రోజుల్లో అంతే, కాదనను. అప్పుడు నీ పందిరి మీద మాత్రం ఆరుద్దా?

అల్లుడు: ఉప్పు పట్టించు. నాలుగు కిలోలకి కిలో ఉప్పు.

అత్త: నెత్తళ్ళకి ఉప్పా! సొర చేపనైతే చీరి ఉప్పేస్తాం. నెత్తళ్ళు చప్పగా ఉంటేనే కొంటారు. పైగా ముసురుకి ఉప్పే తేమ పీల్చి చేపకి చెమట పట్టిస్తది.

అల్లుడు: వాడిన ఉప్పే మళ్ళీ వాడి చేప ఎర్రగా తిరిగేలా చేసేది మీరేగా.

అత్త: అది నేర్పింది మీ అమ్మే. వెళ్ళి మా వదిననడుగు.

అల్లుడు: సరే, ఉప్పొదిలెయ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లకి వేట నిషేధం. పచ్చి చేప తగ్గుద్ది, ఎండు చేప ధర లేస్తది. బాగా ఆరిన సరుకైతేనే అప్పటిదాకా నిలబడుద్ది.

అత్త: ఇప్పుడొచ్చావు దారికి. మార్చి సరుకు మే దాకా దాచాలంటే ఎవరి డబ్బు? వేలం పాటలో గంప ఎత్తగానే బోటోడికి కట్టాలి. కట్టేది షావుకారిచ్చిన బయానాతో. బయానా తీసుకున్నాక ధర ఆయనదే, కాటా ఆయనదే. ఇంకొకడు కిలోకి 20 ఎక్కువిస్తానన్నా వెళ్ళలేను. బాగా ఆరబెట్టి దాచుకున్నాననుకో, ఆ రెండు నెలలూ వడ్డీ పెరుగుద్ది, మళ్ళీ పాటకెళ్ళడానికి చేతిలో పైసా ఉండదు. నాకు పందిరి ఇప్పించకు, రెండు నెలల పెట్టుబడి ఇప్పించు. గుంజలు నేనే పాతుకుంటా.

అల్లుడు: డ్వాక్రా అప్పుందిగా?

అత్త: దానికి కిస్తీ నెలనెలా. సరుకమ్మేది మేలో. ఏప్రిల్ కిస్తీ ఎవడు కడతాడు?

అల్లుడు: నేను కడతా. లాభంలో సగం నాది.

అత్త: అయితే నువ్వూ షావుకారివే. కాటా నాది, ఒప్పుకుంటావా?