ఫెదర్ నదిలోని సాల్మన్: ‘ఎలాగూ చచ్చేవే’ అనే వాదనకు జవాబు

ఉత్తర కాలిఫోర్నియాలోని మనవాళ్ల మధ్య, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదుల్లోకి ఎదురీదే సాల్మన్ చేపల కాలం రాగానే ఒక సలహా తిరుగుతుంది. ఓరోవిల్ పట్టణంలో ఫెదర్ నది మీదున్న ఫిష్ బారియర్ డ్యామ్ కింద చేపలు గుంపులుగా ఆగి ఉంటాయట. గుడ్లు పెట్టాక ఎలాగూ చస్తాయట. ఎర ముట్టవు కాబట్టి ఒంటికే గాలం తగిలించి లాగాలట. పక్కనే హేచరీ (గుడ్లు పొదిగించి చేప పిల్లలను పెంచే కేంద్రం) ఉంది కనుక నష్టం లేదట. ‘స్టీల్‌హెడ్ అనే చేప పడినా వదలకండి, అది మామూలు ట్రౌటే’ అని చివర్లో ఒక కొసరు.

అసలు ఆ చోట గాలమే వేయకూడదు. ఆ కట్ట నుంచి టేబుల్ మౌంటెన్ సైకిల్ వంతెన దాకా ఏడాది పొడవునా చేపల వేట నిషేధం. రాష్ట్రంలో ఎక్కడైనా సరే, చేపలు ఎక్కే మెట్లకు 250 అడుగుల లోపల పట్టడం నిబంధనలకు విరుద్ధం. ఖండన ఇక్కడితో ముగించవచ్చు. కానీ నిషేధం అనగానే కారణం అడిగేవాళ్లే ఎక్కువ, అడగడం న్యాయమే.

ముందు ఆ గుంపు సంగతి. ఆ కట్ట ఎత్తు 91 అడుగులు. చేపలు దాన్ని దాటలేవు, దాటకూడదనే కట్టారు. వాటిని పక్కనున్న మెట్లలోకి మళ్లించి హేచరీకి చేర్చడం దాని పని. ఎగువన 770 అడుగుల ఓరోవిల్ డ్యామ్ 1968లో సిద్ధమైంది. ఈ కట్టలు రాకముందు సాల్మన్ కొండల్లోని చల్లటి వాగుల దాకా ఎగబాకి గుడ్లు పెట్టేవి. ఇప్పుడు వాటిలో అధిక భాగం కట్ట దిగువన ఎనిమిది మైళ్ల పాయలోనే సర్దుకోవాలి. ధవళేశ్వరం దిగువన పులసలు ఎందుకు ఆగుతాయో తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. అక్కడ కిక్కిరిసి కనిపించేది నది సంపద కాదు, దారి మూసుకుపోయి ఒక్కచోట చిక్కుకున్న ఆ ఏడాది తల్లి చేపలు, తండ్రి చేపలు.

‘ఎలాగూ చస్తాయి’ అన్నది ఈ నదికి వచ్చే చినూక్ రకం సాల్మన్ విషయంలో నిజమే, కాకపోతే గుడ్లు పెట్టిన తరువాత. అంతకుముందే లాగేస్తే ఆడ చేపతోపాటు వేల గుడ్లూ పోతాయి. పైగా అక్కడ ఉండేది ఒకే రకం కాదు. శరత్కాలంలో వచ్చేవి కొన్ని. వసంతంలోనే వచ్చి, వేసవంతా లోతు మడుగుల్లో ఆగి, సెప్టెంబరు వచ్చాక గుడ్లు పెట్టేవి కొన్ని. అన్ని నెలలూ ఒంట్లోని కొవ్వే వాటికి ఆధారం. ఈ వసంతకాలపు చినూక్‌ను 1999లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. వసంతంలో మెట్లెక్కి వచ్చిన వాటికి హేచరీ సిబ్బంది గుర్తు బిళ్లలు తగిలించి తిరిగి నదిలోకి వదులుతారు. సెప్టెంబరులో ఆ బిళ్లతో మళ్లీ వచ్చిన వాటినుంచే ఆ రకం గుడ్లు తీస్తారు. ‘ఎలాగూ చచ్చేదే’ అంటూ ఆగస్టులో ఒడ్డుకు ఈడ్చింది ఆ బిళ్ల చేపనే కావచ్చు.

చచ్చిన చేప కూడా వృథా కాదు, ఒడ్డు మొక్కలకు ఎరువవుతుంది. దక్షిణాన మొకెలమ్నీ నది ఒడ్డున ద్రాక్షతోటల ఆకుల్లో సాల్మన్ సముద్రం నుంచి మోసుకొచ్చిన నత్రజనిని శాస్త్రవేత్తలు గుర్తించారు.

ఎర ముట్టవనే మాటకు వద్దాం. నదిలోకి వచ్చాక సాల్మన్ మేత మానేస్తుంది, నిజమే. అయినా దగ్గరికొచ్చి మెరిసే రేకునో, గుడ్ల ముద్దనో కోపంతోనో పాత అలవాటుతోనో కరుస్తుంది. కరవకపోతే ఆ రాష్ట్రపు నదుల్లో పద్ధతిగా గాలం వేసేవాళ్లకు ఒక్క సాల్మన్ కూడా దొరకకూడదు, వేటకు అనుమతి ఉన్న ఏళ్లలో దొరుకుతూనే ఉంది. చేప తనంతట తాను నోటితో అందుకుంటేనే అది గాలం వేట అని కాలిఫోర్నియా నిబంధన. వీపుకో పొట్టకో గుచ్చుకుంటే వదిలేయాల్సిందే. ఒంటికి గుచ్చి లాగడాన్ని నేర్పరితనంగా చెప్పుకోవడం నాకైతే రోత పుట్టిస్తుంది.

హేచరీ ఉంది కదా అనేవాళ్లు ఒకటి మరుస్తారు. 1967లో దాన్ని తెరిచింది డ్యామ్ మింగిన ఎగువ నదికి పరిహారంగా. అది అదనపు పంట కాదు. అక్కడ పెరిగి నదిలోకి వదిలిన పిల్లలు కూడా వేడెక్కిన, నీరు తగ్గిన నదిని దాటుకునే సముద్రం చేరాలి. కరువు ఏళ్లలో అది జరగకే, ఇన్ని హేచరీలు ఉండి కూడా 2023, 2024లో కాలిఫోర్నియా తీరంలోనూ, ఫెదర్ నది కూడా ఉన్న సెంట్రల్ వ్యాలీ లోయ నదుల్లోనూ సాల్మన్ వేట పూర్తిగా మూతపడింది.

ఇక స్టీల్‌హెడ్. జాతి రీత్యా అది రెయిన్‌బో ట్రౌటే, ఒప్పుకుంటాను. కానీ సముద్రానికి వెళ్లి వచ్చే రకం, సెంట్రల్ వ్యాలీలో 1998 నుంచి ముప్పు జాబితాలో ఉంది. గుడ్లు పెట్టినంత మాత్రాన చావాలని లేదు, కొన్ని సముద్రానికి తిరిగి వెళ్లి మళ్లీ వస్తాయి. కాబట్టి ‘చచ్చేదే’ అనే వాదన దీనికి అసలే అతకదు. వేటకు అనుమతి ఉన్న చోట పడితే వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న మెత్తటి రెక్కను చూడాలి. హేచరీ స్టీల్‌హెడ్‌కు దాన్ని చిన్నప్పుడే కత్తిరిస్తారు. రెక్క ఉంటే అది నదిలో పుట్టిన చేప, నీళ్లలోంచి ఎత్తకుండానే గాలం తీసి వదిలేయాలి.