ఇటాచీకి గొలుసు కడితే క్రేన్ రూల్సే వర్తించాలి

పోయిన ఎండాకాలం హన్మకొండలో మా వీధి మొగదల మురుగు పైపులు వేశారు. పొద్దున్నే ఇటాచీ వచ్చి కందకం తవ్వింది. మధ్యాహ్నానికి అదే బండి పైపులు దించడం మొదలుపెట్టింది. బకెట్ పళ్లకు గొలుసు చుట్టారు. గొలుసు రెండు కొసలు కలిసేచోట షాకిల్ (U ఆకారపు ఇనుప కొక్కెం) ఉండాలి, అక్కడ దాని బదులు ఓ బోల్టు దూర్చి నట్టు బిగించారు. కింద ఇరవై ఏళ్లు కూడా ఉంటాయో లేదో, ఓ కుర్రాడు పైపును రెండు చేతులతో పట్టుకుని "అన్నా, మెల్లగ... ఇంకొంచెం ఇటు..." అంటూ కందకం అంచునే నడుస్తున్నాడు. బండి పక్కకు తిరిగింది. అవతలి వైపు ట్రాక్ (బండి నడిచే ఇనుప పట్టీ) నేల మీంచి జానెడు లేవడం కళ్లారా చూశాను. డ్రైవర్ కంగారుగా బూమ్ (బండి పొడవాటి చెయ్యి) దించాడు. గొలుసు ఒక పన్ను మీంచి జారింది. పైపు కొస ఊగి కందకం గోడకు కొట్టుకుంది. మధ్యలో ఆ కుర్రాడి చెయ్యి ఉంది. రెండు వేళ్లు పోయాయి.

సాయంత్రానికి వీధిలో ఒకటే మాట: "డ్రైవర్ చూసుకోవాలె గదా." నేనూ ముందు అలాగే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆ డ్రైవర్ టీ కొట్టు దగ్గర కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడాను. మనిషి ఇంకా ఆ టెన్షన్‌లోనే ఉన్నాడు. పైపు బరువెంతో తెలుసా అని అడిగాను. "అంచనానే అన్నా. బరువెక్కువైతే బండి లేస్తది. లేస్తే దించేస్త" అన్నాడు. హెల్పర్‌గా చేరి, ఓనర్ లేనప్పుడు లివర్లు పట్టి నేర్చుకున్న పని అది. అన్నేళ్లలో అతని చేతికి దొరికిన తూకం అదొక్కటే.

ఆ తూకం ఎంత తప్పో చెప్పాలి. ఎక్స్‌కవేటర్, అంటే ఇటాచీ లాంటి తవ్వే యంత్రం, ఎంత ఎత్తవచ్చో లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 10567. బండి ఎంత బరువుకు ఒరగడం మొదలవుతుందో అందులో 75 శాతం, హైడ్రాలిక్స్ ఎత్తగలిగే దాంట్లో 87 శాతం. ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఆ బండి పరిమితి. అదీ గట్టి, చదునైన నేల మీద. ట్రాక్ లేచిందంటే నూటికి నూరు వచ్చేసినట్టే. కంపెనీ ఆగమన్న చోటు దాటి చాలా దూరం పోయాక గానీ మన డ్రైవర్‌కు ఆగాలని తెలియడం లేదు.

ఇక పైపు సంగతి. లోపలి వ్యాసం 900 మిల్లీమీటర్లు, గోడ మందం 100 మిల్లీమీటర్లు, పొడవు రెండున్నర మీటర్లు ఉన్న హ్యూమ్ పైపు తీసుకోండి. ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులనుకుంటే, ఈ ఒక్క పైపే దాదాపు 1.9 టన్నులు తూగుతుంది. వ్యాసం 1200కి, గోడ 120కి పెరిగితే మూడు టన్నులు. చూడ్డానికి రెంటికీ పెద్ద తేడా ఉండదు, కంటి అంచనా మోసపోయేది ఇక్కడే. పైగా బండి శక్తి ఒక్కచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. 20 టన్నుల తరగతి ఇటాచీ తన మధ్య నుంచి నాలుగున్నర మీటర్ల దూరంలో ఐదారు టన్నులు ఎత్తగలిగితే, చెయ్యి తొమ్మిది మీటర్లకు చాపాక రెండు టన్నుల దగ్గరే తడబడుతుంది. ట్రాకుల పొడవు వైపు ఉన్నంత నిలకడ అడ్డం తిరిగితే ఉండదు. మా వీధిలో బండి తిరిగింది అడ్డంగానే. బకెట్ బరువు తీసేయాల్సిన లోడ్ చార్టు (ఏ దూరంలో ఎంత ఎత్తవచ్చో చెప్పే కంపెనీ పట్టిక) అయితే అదీ తీసేయాలి. వాన పడ్డాక నల్లరేగడి నేలలో, కందకం అంచున నిలబడితే చార్టులో ఉన్న అంకెకు కూడా విలువ తగ్గుతుంది.

గొలుసుదీ ఓ లెక్క ఉంది. రెండు కాళ్ల స్లింగు (బరువును వేలాడదీసే రెండు పాయల గొలుసు) నిట్టనిలువుగా వేలాడితే ఒక్కో కాలు సగం బరువు మోస్తుంది. పొట్టి గొలుసు వాడి, కాళ్లు నేలతో 30 డిగ్రీల కోణానికి పరుచుకున్నాయంటే, ఒక్కో కాలి మీద మొత్తం పైపు బరువంత లాగుడు పడుతుంది. గొలుసు మారలేదు, పైపు మారలేదు, లాగుడు మాత్రం రెట్టింపయింది. ఇది అర్థం కావడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, ఒక్క పూట చెప్పేవాళ్లుంటే చాలు.

చట్టం లేదా అంటే, ఉంది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది, కేంద్ర నిబంధనలు 1998లో వచ్చాయి. బరువులెత్తే యంత్రం అంటే ఏమిటో చెబుతూ ఆ నిబంధనలు క్రేన్లు, వించ్‌లతో ఆగిపోలేదు. వస్తువులు ఎత్తడానికి వాడే ఇతర పరికరాలన్నిటినీ కలిపాయి. ఎక్స్‌కవేటర్‌ను మొబైల్ క్రేన్‌లా వాడేలా అమర్చుకుంటే మొబైల్ క్రేన్‌కు చేసే పరీక్షలే దానికీ చేయాలనీ, మోస్తున్న బరువు పరిమితి దాటుతోందో లేదో తనంతట తానే చూపించే ఇండికేటర్ పెట్టాలనీ విడిగా రాశాయి. ఇన్నేళ్లలో నేను ఊళ్లో రోడ్డు పనుల మీద చూసిన ఏ ఇటాచీకీ అలాంటి ఇండికేటర్ కనబడలేదు. ఆ నిబంధన ఒకటుందని తెలిసిన కాంట్రాక్టరూ నాకు తారసపడలేదు.

లైసెన్స్ దగ్గరికి వస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. టైర్ల మీద రోడ్డెక్కే జేసీబీని మోటారు వాహనాల నిబంధనలు 'కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ వెహికిల్'గా చూస్తాయి. దానికి నంబరు ప్లేటు, డ్రైవర్‌కు లైసెన్స్ ఉండాలి. ఇనుప ట్రాకుల ఇటాచీ ట్రెయిలర్ మీద వచ్చి ట్రెయిలర్ మీద పోతుంది, ఆర్టీఓ దాకా వెళ్లే పనే లేదు. పోనీ, జేసీబీ డ్రైవర్ జేబులోని కార్డు మాత్రం ఏం చెబుతుంది? బండిని రోడ్డు మీద నడపగలడని. రెండు టన్నుల పైపును మనిషి పక్కన గాల్లో తిప్పగలడో లేదో ఆ కార్డు ఇచ్చేటప్పుడు ఎవరూ పరీక్షించరు.

మన పక్కనే ఇంకో లోకం ఉంది. భూపాలపల్లి, రామగుండం వైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో అదే తరహా యంత్రం ఎక్కాలంటే గనుల నిబంధనల కింద వృత్తి శిక్షణ పొందాలి, మేనేజర్ రాతపూర్వకంగా అనుమతించాలి. గని గేటు దాటి కొన్ని కిలోమీటర్లు వస్తే, చెరువు తూము దగ్గర అదే సైజు బండి మీద ఎవరు కూర్చున్నారని అడిగేవాళ్లు ఉండరు. గనిలో కార్మికుడి ప్రాణానికి ఉన్న కాపలా తూము దగ్గర కూలికి ఎందుకు లేదు?

జపాన్ ఈ ముడిని విప్పిన తీరు మనం గమనించదగ్గది. అక్కడ కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం తవ్వే యంత్రంతో బరువులెత్తడం మామూలుగా నిషిద్ధం. పని స్వభావాన్ని బట్టి తప్పనిసరైతేనే, అదీ సరైన హుక్కు లాంటి అమరికతోనే చేయనిస్తారు. ఆచరణలో అందరికీ అవసరం ఉంది కాబట్టి కంపెనీలు క్రేన్ మోడ్ ఉన్న ఎక్స్‌కవేటర్లు తెచ్చాయి. స్విచ్ వేస్తే కదలికలు నెమ్మదిస్తాయి, బరువు ఎక్కువైతే అలారం మోగుతుంది. ఆ పని చేసే క్షణం నుంచి చట్టం ఆ బండిని మొబైల్ క్రేన్‌గానే చూస్తుంది. ఎత్తే సామర్థ్యం ఒక టన్ను లోపైతే ప్రత్యేక శిక్షణ, టన్ను నుంచి ఐదు టన్నుల లోపైతే చిన్న మొబైల్ క్రేన్ కోర్సు ఉండాలి. తవ్వడానికి ఉన్న సర్టిఫికెట్ ఎత్తడానికి చెల్లదు. బ్రిటన్‌లో కూడా, మన నిబంధనలు వచ్చిన 1998లోనే తెచ్చిన చట్టం కింద, ఎక్స్‌కవేటర్ పైపు దించినా అది లిఫ్టింగ్ పనే. తెలిసిన మనిషి ముందే ప్లాన్ చేయాలి.

'ఊళ్లల్లో క్రేన్ ఎక్కడ దొరుకుతుందండీ' అని కాంట్రాక్టర్లు అంటారు. ఆ మాటలో నిజముంది. సందుల్లోకి క్రేన్ రాదు, వచ్చినా నాలుగు పైపుల కోసం రోజు బాడుగ ఎవరూ కట్టరు. బావిలో ఒరలు దించాలన్నా, కూలిన చింతమొద్దు తీయాలన్నా, కల్వర్టు స్లాబు జరపాలన్నా ఇటాచీయే దిక్కు. అందుకే నిషేధం అడగడం లేదు. నిషేధిస్తే పని చాటుగా సాగుతుంది, అంతే. ఆ పనికి తగ్గ అమరిక అడుగుతున్నాను. గొలుసు తగిలించడానికి కంపెనీ ఇచ్చిన లిఫ్టింగ్ కన్ను లేదా హుక్కు ఉండాలి, వెల్డింగ్ షాపులో అంటించిన రింగు పనికిరాదు. బూమ్ సిలిండర్‌కు నూనె పంపే గొట్టం (హోస్) పగిలితే బూమ్ ఒక్కసారిగా కుప్పకూలకుండా ఆపే వాల్వ్ ఉండాలి. క్యాబిన్‌లో లోడ్ చార్టు తెలుగులో అతికించాలి. పైపు ఊగకుండా పట్టుకోవడానికి చేతులు కాదు, తాడు వాడాలి. ఆపరేటర్‌కు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, లిఫ్టింగ్‌కు విడిగా ఒక కార్డు ఇవ్వాలి.

డబ్బెక్కడిది అంటారేమో. నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం సెస్ ఈ కార్మికుల పేరుతోనే వసూలవుతోంది. వేళ్లు పోయాక ఇచ్చే సాయం కన్నా, పోకుండా నేర్పించే శిక్షణకు అందులోంచి ఖర్చు పెట్టడం న్యాయం. 1996 చట్టాన్ని కలుపుకున్న కొత్త వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని కింద రాష్ట్రం తన నిబంధనలు తాను రాసుకోవచ్చు. లిఫ్టింగ్ కార్డు సంగతి అందులో చేర్చడానికి ఇదే అదను.

నా దృష్టిలో అంతకంటే త్వరగా పనిచేసేది టెండర్ కాగితం. ఇప్పుడు బండికి గంటల లెక్కన డబ్బులు. మీటరు తిరుగుతుంటే సబ్ కాంట్రాక్టర్ మేస్త్రీని తరుముతాడు, మేస్త్రీ డ్రైవర్‌ను తరుముతాడు. పైపు దించడానికి విడిగా రేటు రాసి, షాకిల్, స్లింగు, కార్డు ఉన్న ఆపరేటర్ లేకపోతే ఆ రేటు చెల్లించబోమని షరతు పెడితే, మర్నాడే షాకిళ్లు కొంటారు. లేకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద కేసు, ఐదేళ్ల దాకా శిక్ష, అది ఎక్కువగా లివర్ల మీద చేతులున్న వాడి మెడకే చుట్టుకుంటుంది. ఆ చేతులకు ఏమీ నేర్పని వాళ్ల పేర్లు మాత్రం ఎఫ్ఐఆర్‌లో అరుదుగా కనిపిస్తాయి.

ఆ కుర్రాడు ఇప్పుడు అదే సైటులో వాచ్‌మన్. మా వెనక వీధిలో పైపులు తెచ్చి పెట్టారు, ఈసారివి 1200 మిల్లీమీటర్లవి. మొన్న వాటి గోడ మందం టేపుతో కొలిచి, ఒక్కోటి మూడు టన్నులని లెక్క రాసి, కందకం తవ్వే బండికి హుక్కు ఉందో లేదో చూడమని పనులు చూసే ఇంజినీరు చేతికి ఇచ్చి వచ్చాను.