హౌసింగ్ మార్చాక షాఫ్ట్‌కి అతుకేస్తే చాలా?

జీపు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. చిత్తూరు నుంచి వస్తోంది, పీలేరు నుంచి వస్తోంది, తిరుపతిలో మా పక్క వీధి నుంచి కూడా అదే. "హౌసింగ్ మార్చారా? ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి వేలకు వేలు తగలేయకండి" అని మొదలై, ఏడు చిట్కాలు చెప్పి, "తోటి జీపు అన్నలందరికీ పంపండి" అని ముగుస్తుంది. హౌసింగ్ అంటే చక్రాల ఇరుసు ఉండే ఇనుప గుల్ల, ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే ఇంజను తిప్పుడును ఆ ఇరుసుకి అందించే పొడవాటి గొట్టం. హౌసింగ్ మారితే పాత షాఫ్ట్ పొడవు సరిపోకపోవచ్చు. పంపేవాళ్లు ఆ బండ్లలోనే పిల్లల్ని ఎక్కించుకుని భాకరాపేట ఘాట్ దిగుతున్నారు. ఇంక ఊరుకోవడం నావల్ల కాదు.

మొదటి చిట్కా: బండిని జాకీ మీద లేపి, హౌసింగ్ వేలాడుతుండగా షాఫ్ట్ కొలత తీసుకోండి, పని సులువు. సులువే, కానీ బండి నడిచేది నేల మీద కదా! కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) మీద బరువు పడగానే ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ (తిప్పుడును ముందు, వెనక షాఫ్ట్‌లకు పంచే గేర్ల పెట్టె), పినియన్‌కీ (హౌసింగ్‌లో షాఫ్ట్ తగిలే గేరు) మధ్య దూరం మారిపోతుంది. జాకీ కొలతతో చేసిన షాఫ్ట్ బండిని కిందికి దించగానే లోపలికి దూరుతుంది. బంగారుపాళ్యం యార్డుకి మామిడికాయల లోడుతో పోతూ గుంతలో పడినప్పుడు దూరడానికి ఇంక చోటుండదు, ఆ దెబ్బంతా ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్ తింటుంది. బండిని చక్రాల మీద నిలబెట్టే కొలవాలి. షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా ఒకదాంట్లో ఒకటి జారే స్లిప్ జాయింట్ లోపలికి పోవడానికి ఇంకో అంగుళమైనా మిగలాలి. ఆ తర్వాత జాకీతో లేపి, దాని పళ్ల కొన (స్ప్లైన్) బయటికి ఊడొచ్చేంత దూరం రావడం లేదని చూసుకోవాలి. జాకీ పని అక్కడే.

రెండో చిట్కా: పొడవు చాలకపోతే మధ్యలో కోసి పైపు ముక్క అతికించండి. వద్దు. మధ్యలో అతుకుంటే వంకర కూడా మధ్యలోనే వస్తుంది, షాఫ్ట్ తిరిగేటప్పుడు ఎక్కువగా ఊగేదీ అక్కడే. కోయాల్సింది చివర, యోక్ (జాయింటును పట్టుకునే రెండు కొమ్ముల ముక్క) దగ్గరున్న పాత వెల్డింగ్‌ని. షాఫ్ట్‌ని లేత్ మీద ఎక్కించి ఆ వెల్డింగ్ పూసను చెక్కేస్తే యోక్ బయటికి వస్తుంది. కావలసిన పొడవున్న ఒకే ముక్క ట్యూబులో దాన్ని బిగువుగా దిగ్గొట్టి, నాలుగు వైపులా చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టి, వంకరను చూపే డయల్ గేజ్ ముల్లు చూస్తూ చేత్తో తిప్పాలి. ముల్లు ఊగితే అక్కడ తట్టి సరిచేయాలి. ముల్లు నిలబడ్డాకే పూర్తి వెల్డింగ్, అదీ ఒకవైపు కొంచెం, ఎదురువైపు కొంచెం. ఒకేవైపు నుంచి లాగించేస్తే వేడికి గుంజుకుపోతుంది.

మూడోది: క్రాస్‌లు (షాఫ్ట్ చివర్లలో వంపులోనూ తిరిగే జాయింట్లు) ఎలా బిగించినా తిరుగుతాయి. తిరుగుతాయి, కానీ సమానంగా తిరగవు. వంపులో ఉన్న క్రాస్ అవతలి వైపు వేగాన్ని ప్రతి చుట్టుకూ రెండేసి సార్లు పెంచి తగ్గిస్తుంది. 20 డిగ్రీల వంపులో ఆ తేడా అటు 6 శాతం, ఇటు 6 శాతం. రెండో క్రాస్ ఆ తేడాను సరిదిద్దాలంటే షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లూ ఒకే వరసలో ఉండాలి. గ్రీజు పెట్టడానికి స్లిప్ జాయింట్ విప్పి ఒక్క పన్ను తప్పించి ఎక్కించినా ఆ లెక్క పోయినట్టే. చాలా షాఫ్ట్‌ల మీద బాణం గుర్తులు ఉండేది ఇందుకే.

నాలుగోది: పినియన్ మూతి ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు సూటిగా చూడాలి. ఇది ఒక చివర రెండు క్రాస్‌లు పక్కపక్కనే ఉండే డబుల్ కార్డాన్ జాయింట్ ఉన్న షాఫ్ట్‌కి చెల్లే మాట. మన జీపుల్లో రెండు చివర్లా ఒక్కో క్రాసే. వీటికి పినియనూ ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుటూ (షాఫ్ట్ తగిలించే కొన) ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. పైగా విల్లీస్ తరహా పాత జీపుల్లో ఆ అవుట్‌పుట్ మధ్యలో ఉండదు, పక్కకు ఉంటుంది. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిప్పుడు పంచే గేర్ల గుండు) మధ్యలో ఉన్న హౌసింగ్ తెచ్చి వేస్తే పక్కవాటు వంపు కూడా కలుస్తుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఐదోది, నల్ల పెయింటు వేస్తే షాఫ్ట్ చల్లగా ఉంటుందట. వదిలేద్దాం.

ఆరోది: జీపు 60 దాటదు, బ్యాలెన్సింగ్ దండగ. 60లో పోతున్నప్పుడు షాఫ్ట్ నిమిషానికి రెండు వేల చుట్లకు పైనే తిరుగుతుంది. వెనక షాఫ్ట్‌కి బ్యాలెన్సింగ్ తప్పదు. కానీ ముందు షాఫ్ట్ విషయంలో ఈ మెసేజ్ రాసినాయన చెప్పింది కొంతవరకు నిజం. ముందు చక్రాలను షాఫ్ట్ నుంచి విడదీసే లాకింగ్ హబ్‌లు ఉండి, ఫోర్‌వీల్ వేసి తక్కువ గేరులో తోట దారిన పోయేటప్పుడు మాత్రమే తిరిగే షాఫ్ట్‌ని వంకర లేకుండా చేస్తే చాలు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అన్నింటికీ కొత్త షాఫ్టే కొనాలని భయపెట్టి డబ్బు గుంజే షాపులు ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనదే.

ఏడోది చదివాకే నాకు ఒళ్లు మండింది. "వెల్డింగ్ ఊడినా ఏం కాదు, బండి ఆగిపోతుంది, అంతే."

ఎక్కడ ఆగుతుంది స్వామీ? మొగిలి ఘాట్ దిగుతున్న బండి ఎందుకు ఆగుతుంది? టూవీల్‌లో, అంటే వెనక చక్రాలకే ఇంజను బలం అందుతూ పోతున్నప్పుడు వెనక షాఫ్ట్ తెగితే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగినట్టే. సెకండ్ గేర్ వేసి బండిని పట్టుకుందామంటే పట్టు దొరకదు. హ్యాండ్‌బ్రేక్ లాగుదామా? ఈ పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకున్న డ్రమ్మును పట్టుకుంటుంది. ఆ డ్రమ్ము చక్రాలను ఆపేది షాఫ్ట్ ద్వారానే. షాఫ్ట్ పోతే హ్యాండ్‌బ్రేకూ పోయినట్టే. ఇక మిగిలేది కాలి బ్రేకు ఒక్కటి. తెగిన షాఫ్ట్ తిరుగుతూ కింద కొట్టుకుని బ్రేకు పైపును తెంపితే, నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే లైను ఉన్న (ఒకే లైను మాస్టర్ సిలిండర్) బండిలో అదీ పోతుంది. ముందు కొన ఊడి కిందపడితే రోడ్డులో గుచ్చుకుని బండినే ఎత్తేయగలదు. "అంతే" అని రాసేటప్పుడు ఇవేవీ గుర్తుకు రాలేదా?

ఊడినా కిందపడకుండా షాఫ్ట్ ముందు కొన కింద ఇనుప పట్టీతో ఒక లూప్ కట్టించండి, ఖర్చు పెద్దగా కాదు. కొలతల కోసం మీరే షాఫ్ట్ విప్పుతుంటే, హ్యాండ్‌బ్రేక్ వేశాం కదా అని బండి కిందికి దూరకండి. ముందు నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టండి.