పదిమందికి పంపే ముందు రైలు రాయితీ ఫారం అడగండి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ వాట్సాప్ మెసేజ్. పెద్దమ్మ పంపింది, పదో తరగతి గ్రూపులో వచ్చింది, ఆఫీసులో పక్క సీటతను పంపాడు. చివరికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చూపించి "సార్, ఇది నిజమేనా?" అన్నాడు. అడిగింది ఆయనొక్కడే. మిగతావాళ్ళు దండం బొమ్మ పెట్టి తోసేశారు.

మెసేజ్ ఇదీ: ఆసుపత్రికి వెళ్ళే ఏ రోగికైనా, తోడు వెళ్ళే ఇద్దరికీ రైలు పూర్తిగా ఉచితం. టికెట్ కొననక్కర్లేదు, టీసీకి ఆధార్, ఓపీ చీటీ చూపిస్తే చాలు. చెకప్‌కి 108కి ఫోన్ చేస్తే ఇంటినుంచి తీసుకెళ్ళి మళ్ళీ దింపుతారు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఓపీకి వెళ్ళిన ప్రతిసారీ దారి ఖర్చు 5,000. ఎవరూ చెప్పరు, పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి.

ఆ 5,000 సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. లేదు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో రవాణా ఖర్చు కూడా కలిసి ఉంటుంది కానీ, అది అడ్మిట్ అయి వైద్యం చేయించుకున్నవాళ్ళ లెక్క, ఓపీకి వెళ్ళొచ్చినందుకు ఇచ్చే బహుమతి కాదు. డిశ్చార్జి రోజు, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి.

ఇక రైలు సంగతి. రాయితీ తోడు ఇద్దరికి కాదు, ఒక్కరికే. రెండోవాళ్ళు ఎందుకట, క్యారేజీ మోయడానికా?

"ఏ రోగికైనా" కూడా కాదు. రైల్వే దగ్గర జబ్బుల జాబితా ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో చార్జీ మీద నూటికి నూరు శాతం రాయితీ, తోడు వెళ్ళేవాళ్ళకు 75. గుండె ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకు, కిడ్నీ మార్పిడికో డయాలసిస్‌కో వెళ్ళేవాళ్ళకు, తలసేమియా ఉన్నవాళ్ళకు ఆ తరగతుల్లో 75 శాతం. టీబీకి స్లీపర్‌లో 75. 2020 మార్చిలో సీనియర్ సిటిజన్ల రాయితీ తీసేసినా రోగులది మాత్రం ఉంచారు. మోకాళ్ళ నొప్పి, షుగరు, గ్యాసు ఈ జాబితాలో లేవు పెద్దమ్మా.

ఇక నా ఒళ్ళు మండేది "టికెట్ కొననక్కర్లేదు" అన్న మాటకి.

మొన్న వేసవిలో కాట్పాడి వైపు వెళ్ళే రైల్లో నా ఎదురుగా సైడ్ బెర్తు అంచున ఒక ముసలాయన, ఆయన భార్య ఒదిగి కూర్చున్నారు. ఒళ్ళో చీరల షాపు కవరు, అందులో స్కాన్ ఫిల్ములు. టీసీ వచ్చి టికెట్ అడిగితే ఆయన ఓపీ చీటీ ఇచ్చాడు. టీసీ అటూ ఇటూ తిప్పి చూసి, "తాతా, ఇది ఆసుపత్రి చీటీ. నాక్కావాల్సింది టికెట్" అన్నాడు. ఆయన ఫోన్ తీసి మెసేజ్ చూపించాడు. ఇదే మెసేజ్, అక్షరం పొల్లుపోకుండా! "మా అబ్బాయే పంపాడు బాబూ" అంది ఆవిడ. చార్జీ, దాని మీద మనిషికి కనీసం 250 జరిమానా. టీసీ గొంతు పెంచలేదు, రాయక తప్పదు గనక రాశాడు. ఆవిడ కొంగుముడి విప్పి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

తర్వాత మాటల్లో తెలిసింది, ఆయనది క్యాన్సరని. అంటే ఆసుపత్రి నుంచి రైల్వే నమూనా ఫారం మీద డాక్టరు సంతకం, స్టాంపు వేయించుకుని రిజర్వేషన్ కౌంటర్లో ఇచ్చి ఉంటే ఆయన చార్జీ మొత్తం తగ్గేది, ఆవిడది పావువంతే పడేది. రిజర్వేషన్ రుసుములాంటి చిల్లర మాత్రం కట్టాలి. హక్కుగా రావాల్సింది పోయి, చేతిలో రసీదు మిగిలింది. ఇది రాసినవాడెవడో గానీ, వాడికి ఏ పుణ్యం దక్కిందో!

108 సంగతి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ బండి ప్రమాదాలకి, పాముకాటుకి, గుండెపోటుకి, పురిటి నొప్పులకి. అది మీ బాబాయిని బీపీ చూపించడానికి తీసుకెళ్ళి, టిఫిన్ అయ్యేదాకా ఆగి, తిరిగి దింపితే పక్క మండలంలో రోడ్డు మీద పడ్డవాడు ఏం చేయాలి? ట్యాక్సీ కావాలంటే ట్యాక్సీ మాట్లాడుకోండి. గర్భిణులు, బాలింతల కోసం వేరే నంబరుంది, 102. తెలంగాణలో అమ్మఒడి బండ్లు చెకప్‌లకీ వస్తాయి. ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ సర్కారు ఆసుపత్రిలో కాన్పయ్యాక ఇంటికి చేరుస్తుంది. మెసేజ్ రాసినాయనకి 102 గుర్తుకు రాలేదు. ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఉచితమన్నదీ గుర్తుకు రాలేదు. కళ్ళముందు నడిచే సాయం ఒక్కటీ లేదందులో.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. "ఎవరూ చెప్పరు" అన్నది నిజం. అమ్మకి కీమో కోసం ఒంగోలు నుంచి హైదరాబాదుకి 21 రోజులకోసారి తిరిగినప్పుడు మొదటి మూడుసార్లూ నేను పూర్తి చార్జీ పెట్టాను. డాక్టరు చెప్పలేదు, బిల్లు కౌంటర్లో చెప్పలేదు. నాలుగోసారి వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్నాయన జేబులోంచి ఆ ఫారం తీస్తుంటే అడిగి తెలుసుకున్నాను. తెలిశాక కూడా ఒకసారి తేదీ హఠాత్తుగా మార్చారు, తత్కాల్ తప్ప గతి లేకపోయింది. తత్కాల్‌లో రాయితీ లేదు. అంత చదువుకున్న నాకే అలా జరిగితే ఆ ముసలాయనని ఏమనగలం?

ఇదంతా కుదించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పది నిమిషాలకి పెద్దమ్మ ఫోన్ చేసింది. "బాగా రాశావు నాన్నా. కానీ చివర పదిమందికి పంపండి అని పెట్టలేదేం? అది లేకపోతే ఎవరూ పంపరు."

పెట్టాను.