కొబ్బరి చిప్ప చవకే, బ్యాటరీ కార్బన్ మాత్రం చవక కాదు

పంట వ్యర్థాలతో బ్యాటరీలు, ఇక రైతులకు పండగే అన్న వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. మొదటి సగంతో నాకు పేచీ లేదు. లిథియం బదులు సోడియం వాడే సోడియం అయాన్ బ్యాటరీలో, లిథియం బ్యాటరీల్లో వాడే గ్రాఫైట్ అనే కార్బన్ సరిగ్గా పనిచేయదు, సోడియం దాని పొరల్లో ఇమడదు, అందుకే పొరలు అంత క్రమంగా పేర్చి ఉండని హార్డ్ కార్బన్ కావాలి, జపాన్ కంపెనీ కురారే దాన్ని మొక్కల ముడిసరుకుతోనే తయారు చేస్తోంది. తేలాల్సింది డబ్బు లెక్క.

కోనసీమలో అంబాజీపేట వైపు కొబ్బరి తీసేశాక మిగిలే చిప్పలనే చూడండి. 100 కిలోలు కాలిస్తే సుమారు 30 కిలోల బొగ్గు వస్తుంది. దాన్ని గాలి తగలని కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించి మళ్లీ వేడిచేస్తే చివరికి చేతికొచ్చేది పాతిక కిలోల లోపే. అంటే చిప్ప ధర కిలోకి ఒక్క రూపాయి పెరిగితే కార్బన్ ఖర్చు కిలోకి నాలుగు రూపాయలకు పైనే పెరుగుతుంది. పైగా ఈ చిప్పలు ఊరికే పడి ఉన్నవి కావు, నీళ్ల శుద్ధికి వాడే యాక్టివేటెడ్ కార్బన్ ఫ్యాక్టరీలు ఎప్పటినుంచో కొంటున్నాయి. కొత్తగా ఇంకొకరు కొనడానికి వస్తే ధర పెరగక ఏమవుతుంది?

వరి ఊక సంగతి ఇంకా చిక్కు. అందులో బూడిదే 15 నుంచి 20 శాతం, అదీ ఎక్కువగా సిలికా, దాన్ని రసాయనాలతో కడిగి తీయాలి, ఆ మురికి నీళ్లను శుద్ధి చేయాలి. పత్తి కట్టెనైతే పీకి, మోపు కట్టి, లారీకెక్కించే కూలి గిట్టకే రైతు చేలో తగలబెడుతున్నాడు.

ఇవన్నీ దాటినా లిథియం ధర ఉండనే ఉంది. 2022 చివర్లో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను 6 లక్షల యువాన్ల దాకా వెళ్లింది, 2024లో లక్ష లోపుకు పడిపోయింది. అంతే, సోడియం బ్యాటరీ చవక అన్న వాదనకే బలం తగ్గింది. స్వీడన్‌లో బ్యాటరీల కంపెనీ నార్త్‌వోల్ట్ 2022లో కలప కంపెనీ స్టోరా ఎన్సోతో కలిసి, చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ నుంచి బ్యాటరీ కార్బన్ చేస్తామంది, 2025 మార్చిలో దివాలా తీసింది. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఇలాంటి కార్బన్ కొనేవాడు ఒక్కడే అయితే ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది.

అయినా ఈ పని వద్దని నేను అనను. బొగ్గు దశ మాత్రం ఊళ్లోనే, కొబ్బరి రైతుల సంఘాల చేతిలోనే జరగాలి. పొగ ఊరిమీదకు వదలకుండా ఆ వాయువును పట్టి అదే బట్టీకి వేడిగా వాడితే ఇంధనం ఖర్చు తగ్గుతుంది, చిప్పల బదులు బొగ్గు పంపితే లారీ బరువు మూడో వంతుకు దిగుతుంది. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే ముందు ఫ్యాక్టరీ యజమానిని ఒక్క కాగితం అడగాలి: రైతు సంఘం దగ్గర ఎన్నేళ్లు, ఏ ధరకు కొంటావో రాసిచ్చిన ఒప్పందం.